పని ఒత్తిడి, రాత్రి పదిన్నరకు భోజనం: ముందు ఏది మార్చాలి?

మీ ప్రశ్నను ఒకసారి కుదించి చెప్తాను. వయసు 34. తిరుపతిలో ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని, నెలాఖరు వస్తే టార్గెట్ల ఒత్తిడి. పొద్దున రెండు ఫిల్టర్ కాఫీలు, టిఫిన్ చాలా రోజులు ఉండదు. బయట తిరుగుతూ ఐదు టీలు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో హడావిడిగా భోజనం, సాయంత్రం బజ్జీలు, రాత్రి పదిన్నరకు ఫ్రైడ్ రైసో పరోటానో. గుండె దడ, చేతులు వణకడం, కడుపులో మంట, చిన్నదానికే కోపం, ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. ‘టెన్షన్ తగ్గాలంటే ఏం తినాలి? రాగి సంగటి మంచిదంటున్నారు, అశ్వగంధ పొడి వాడొచ్చా?’ అని అడిగారు.

టెన్షన్ తగ్గించే తిండి అని విడిగా ఏదీ లేదండి. టార్గెట్ తెచ్చే ఒత్తిడిని సంగటి తీసేయలేదు. కానీ మీరు రాసిన బాధల్లో చాలావరకు ఒత్తిడి ఒక్కదాని వల్ల వచ్చినవి కావు. ఖాళీ కడుపు, టీ కాఫీలు, ఆలస్యపు భోజనం ఒత్తిడితో కలిసి తెచ్చినవి. ఆ వాటాను రెండు మూడు వారాల్లో బాగా తగ్గించుకోవచ్చు.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. నేను చెప్పే వరస ఇది: మొదట మధ్యాహ్నం రెండు తర్వాత టీ కాఫీ ఆపండి. తర్వాత సాయంత్రం ఐదుకు కడుపులో గట్టి తిండి కొంచెం పడేలా చూడండి. ఆ తర్వాత రాత్రి భోజనాన్ని ముందుకు జరపండి. పొద్దుటి టిఫిన్ నాలుగోది. చాలామంది టిఫిన్‌తోనే మొదలుపెట్టమంటారు. అయితే రాత్రి పదిన్నరకు నిండా తిన్న మనిషికి పొద్దున ఆకలి ఉండదు. బలవంతాన నాలుగు రోజులు తిని మానేస్తాడు. రాత్రిది సర్దుకుంటే పొద్దుటి ఆకలి దానంతట అదే వస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే పాటించడం సులువు. షుగర్ మందులు వాడని ఆరోగ్యవంతుడు ఒక పూట తినకపోతే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోదు. పడిపోకుండా ఆపడానికి శరీరం గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిజాల్ లాంటి హార్మోన్లను వదులుతుంది. మేనేజర్ ఫోన్ చేసి కసిరినప్పుడు వచ్చేదీ అదే అడ్రినలిన్. రెండింటిలోనూ దడ, చెమట, వణుకు, చిరాకు ఒకేలా ఉంటాయి. దాని మీద టీ కాఫీల్లోని కెఫీన్ పడితే గుండె ఇంకా గట్టిగా కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. మనిషి దాన్నంతా ‘టెన్షన్’ ఖాతాలో రాసుకుంటాడు. ఇక కార్టిజాల్ ఎక్కువసేపు ఎక్కువగా ఉంటే నూనె, తీపి, ఉప్పు ఉన్న తిండి మీదకే మనసు పోతుంది. అందుకే ఒత్తిడి ఎక్కువైన రోజు సాయంత్రం జామకాయ గుర్తు రాదు, బజ్జీల బండే కనబడుతుంది. అది మీ మనసు బలహీనత కాదు.

టీ కాఫీల లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., అంతే టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 మి.గ్రా. దాటొద్దంటారు. మీ రెండు కాఫీలకే 160 నుంచి 240. బండి మీద ఇచ్చే చిన్న గ్లాసు 75 మి.లీ. అనుకుంటే ఐదు టీలకు ఇంకో 75 నుంచి 160. అంటే మామూలు రోజు హద్దు దగ్గర, నెలాఖరులో హద్దు దాటి ఉంటారు. గ్లాసుకు చెంచాన్నర చక్కెర వేసినా ఏడు గ్లాసులకు 50 గ్రాములు దాటుతుంది.

కెఫీన్ సగం కరగడానికి చాలామందిలో ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన టీలో సగం కెఫీన్ రాత్రి పదకొండుకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వద్దన్నది ఇందుకే. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి, చిరాకు రెండూ పెరుగుతాయి, మళ్లీ టీలు పెరుగుతాయి.

ఒక్కసారిగా మానొద్దు. మానిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, మగత మొదలై వారం దాకా ఉండొచ్చు. ‘టీ మానేస్తే ఇంకా టెన్షన్ ఎక్కువైంది’ అని వెనక్కి వెళ్లేవాళ్లంతా ఇక్కడే తప్పుతారు. మూడు రోజులకు ఒక గ్లాసు చొప్పున, సాయంత్రం వైపు నుంచి తగ్గించండి. కస్టమర్ దగ్గర కూర్చున్నప్పుడు టీ వద్దంటే మర్యాదగా ఉండదనుకుంటే మజ్జిగో నిమ్మనీళ్లో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకొకటి: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీ వద్దు. వాటిలోని టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

సాయంత్రం ఐదు. మీ రోజంతటిలో కీలకమైన పూట ఇదే. మధ్యాహ్నం మూడుకు హడావిడిగా తిన్నది, రాత్రి పదిన్నర వరకు ఆగాలి. మధ్యలో ఏడున్నర గంటలు. అందులో నాలుగు బజ్జీలు పడితే నూనె వల్ల కడుపు తొందరగా ఖాళీ కాదు, మిరపకాయ వల్ల మంట రేగుతుంది, కండకు పట్టే ప్రొటీన్ మాత్రం పెద్దగా ఉండదు. ఏడున్నరకు మళ్లీ టీ కావాలనిపిస్తుంది.

బండి బ్యాగులో డబ్బా పెట్టుకోండి. మన వైపు దొరికే వాటితోనే సరిపోతుంది. వేయించిన చెనిక్కాయలు (వేరుశనగలు) 30 గ్రాములు, అంటే ఒక చిన్న గుప్పెడు: ఏడు గ్రాముల ప్రొటీన్, 170 కేలరీల దాకా వస్తాయి. గుప్పెడు దాటితే కేలరీలు గబగబా పెరుగుతాయి, కాబట్టి పొట్లంలోంచి నేరుగా తినకుండా ఇంట్లోనే కొలిచి పెట్టుకోండి. దాంతోపాటు ఒక జామకాయో అరటిపండో. లేదంటే గుగ్గిళ్లు: అలసందలు 40 గ్రాములు నాలుగైదు గంటలు నానబెట్టి కుక్కర్లో రెండు మూడు విజిల్స్, శనగలైతే రాత్రంతా నానబెట్టి ఐదారు విజిల్స్. చెంచా నూనెతో ఆవాలు, కరివేపాకు తాలింపు చాలు. కొబ్బరి కోరు వేయకండి. తిరుపతి ఎండకు, బండి బ్యాగులో సాయంత్రానికి పాచిపోతుంది. ఉడకబెట్టిన చెనిక్కాయలు కూడా ఎండాకాలం డబ్బాలో జిగురొస్తాయి, ఆ నెలల్లో వేయించినవే నయం.

బొరుగులు తినేవాళ్లకు ఒక మాట. బొరుగులు ఒట్టివి తింటే అది బియ్యమే, గంటలో ఆకలేస్తుంది. రెండు గుప్పెళ్ల బొరుగుల్లో గుప్పెడు చెనిక్కాయలు, పుట్నాల పప్పులు కలపండి. ఉల్లిపాయ, నిమ్మరసం తినే ముందే కలుపుకోవాలి, ముందే కలిపితే మెత్తబడిపోయి పారేస్తారు.

బజ్జీలు పూర్తిగా మానమని చెప్పను. వారంలో ఒకరోజు, ఈ డబ్బా తిన్నాక, రెండు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఆకలో టెన్షనో తేల్చుకోలేనప్పుడు ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇప్పుడు ఎవరైనా పెరుగన్నం పెడితే తింటానా అని చూసుకోండి. తింటాననిపిస్తే ఆకలే, తినండి. బజ్జీ అయితేనే తింటాననిపిస్తే పది నిమిషాలు నడిచి రండి, చాలాసార్లు ఆ కోరిక దిగిపోతుంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో బండి మీద తిరిగేవాళ్లకు ఒంట్లో నీరు కొంచెం తగ్గినా తలనొప్పి, విసుగు, దడ వస్తాయి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదని అర్థం. చెమట బాగా పట్టే రోజుల్లో రెండు గ్లాసుల ఉప్పేసిన మజ్జిగ మేలు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు వేసుకోకుండా తాగండి.

రాత్రి భోజనం. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు అయిపోవాలి. నిండుగా తిని వెంటనే ఒరిగితే కడుపులోని ఆమ్లం గొంతు వైపు ఎగదన్నుతుంది. నూనె ఎక్కువున్న పరోటా, ఫ్రైడ్ రైస్ అయితే కడుపు ఖాళీ కావడానికి ఇంకా ఆలస్యం. మీకు నిద్ర పట్టకపోవడానికి ఆలోచనలతో పాటు ఈ మంట కూడా కారణమై ఉంటుంది.

‘పని తొమ్మిదిన్నరకు కదా అయ్యేది’ అంటారు. అప్పుడు భోజనాన్ని రెండుగా విడగొట్టండి. ఏడు, ఏడున్నర మధ్య ఆఫీసులోనే అసలు భోజనం: రెండు మూడు చపాతీలు, పప్పు లేదా గుడ్డు కూర. వంట కుదరని రోజు హోటల్లో మూడు ఇడ్లీ సాంబారు, పక్కన ఉడికించిన గుడ్డు. పదికి ఇంటికెళ్లాక చిన్న కప్పు పెరుగన్నమో, రెండు ఇడ్లీలో, అంతే. ఊరగాయ లేకుండా. ఇంట్లో వాళ్లతో కలిసి కూర్చుని తినే ఆ ఇరవై నిమిషాలు వదులుకోకండి, పళ్లెంలో తక్కువున్నా పర్వాలేదు. ఫోన్ పక్క గదిలో ఉంచండి, కలెక్షన్ గ్రూపులో మెసేజీలు చూస్తూ తింటే ఎంత తిన్నదీ తెలియదు.

నిద్ర కోసం ఒక పెగ్గు అనే అలవాటు ఉంటే అది ఎదురు తిరుగుతుంది. మందు తొందరగా మగత తెస్తుంది, తెల్లవారుజామున నిద్ర చెడగొడుతుంది, మంట పెంచుతుంది.

పొద్దున, సంగటి, జావ. రాగులు మంచివే. నూరు గ్రాముల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి, మెగ్నీషియం కూడా బాగానే ఉంటుంది. కడుపు నిలుస్తుంది. కానీ ప్రొటీన్ ఏడు గ్రాములే, కాబట్టి రాగి ఒక్కటే తిని ఆపితే పని జరగదు.

జావ: 30 గ్రాముల పిండి, అంటే తలకొట్టిన మూడు నాలుగు టేబుల్ స్పూన్లు, గ్లాసులో సగం చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి పెట్టండి. 300 మి.లీ. నీళ్లు మరిగాక ఇది పోసి సన్న సెగ మీద ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. పచ్చివాసన పోయి మెరుపు వస్తే అయినట్టు. పొడి పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడతాయి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. బెల్లం పెద్ద ముక్క వేసి తీపి జావ తాగితే పదకొండుకల్లా ఆకలి, దడ మళ్లీ మొదలు. జావతో పాటు ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు చెనిక్కాయలో తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: నున్నటి పిండితో కాచిన జావ రక్తంలో చక్కెరను తొందరగానే పెంచుతుంది. రాగి కదా అని పెద్ద చెంబు తాగొద్దు.

రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసిన సద్దన్నం కూడా మంచి టిఫినే. ఎండాకాలం రాత్రి వేడన్నాన్ని ఎక్కువసేపు బయట పెట్టకుండా, చల్లారగానే నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పెరుగు కలుపుకోండి. మంట ఉన్నవాళ్లు పక్కన మిరపకాయ బదులు ఉల్లిపాయ, ఊరిబిండి (రోటి పచ్చడి) తీసుకోండి, అదీ సగం కారంతో.

మొదటి కాఫీ మానక్కర్లేదు. నిద్ర లేచిన వెంటనే ఖాళీ కడుపుతో కాకుండా, తిన్న గంట తర్వాత తాగండి.

సంగటి మధ్యాహ్నానికి బాగుంటుంది. ఇద్దరికి: అర కప్పు బియ్యం నానబెట్టి నాలుగు కప్పుల నీళ్లలో మెత్తగా ఉడికించి, నీళ్లు ఇంకా ఉండగానే ఒక కప్పు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో నడుమ బొక్క పెట్టి, మూతేసి సన్న సెగ మీద ఎనిమిది పది నిమిషాలు. తర్వాత గట్టిగా కెలకాలి. పిండి ఉడక్కముందే కెలికితే పచ్చిగా ఉండి కడుపుబ్బరం చేస్తుంది. సంగటి తిన్నాక పొట్ట బరువుగా ఉందనేవాళ్లలో చాలామందిది ఈ సమస్యే. ముద్ద ఒకటి చాలు. దానికి జతగా ఎనిపిన ఆకుకూర పప్పు, ఉలవచారు, చలికాలంలో అనపగింజల కూరో పితికిపప్పో. ఉలవల్లో నూటికి 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. నాటుకోడి పులుసు ఆదివారానికి ఉంచండి.

అన్నం తినే రోజు పళ్లెంలో సగం కూర, ఆకుకూర, ఒక కప్పు పప్పు, ఒక కప్పు పెరుగు, మిగతాది అన్నం. మూడుకు కాకుండా ఒంటిన్నరకు తినగలిగితే అన్నిటికన్నా మేలు.

శనివారం ఒక్కపొద్దు. మన ఊళ్లో చాలామందికి ఉంటుంది, పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) ఇంకా ఎక్కువ. ఒక్కపొద్దు మానమని ఎవరికీ చెప్పను. ఆరోగ్యవంతులకు దానివల్ల నష్టం లేదు. నష్టం జరిగేది పొద్దుటి నుంచి కాఫీ టీల మీదే గడిపి, సాయంత్రం ఒక్కసారిగా పూరీలు, వడలు తిన్నప్పుడు. ఆరోజు కాఫీ ఒకటికి పరిమితం చేసి, మజ్జిగ, పాలు, పండు మధ్యమధ్యలో తీసుకోండి. పొద్దు విడిచేటప్పుడు ముందు పండు, పావుగంట తర్వాత భోజనం. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు, వాళ్లకు షుగర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోతుంది.

అరటిపండు తింటే మనసు స్థితితో సంబంధమున్న సెరొటోనిన్ అనే రసాయనం పెరిగి సంతోషం వస్తుందన్న మాట బాగా తిరుగుతోంది. అరటిపండులో సెరొటోనిన్ ఉన్నమాట నిజమే, కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటదు. అరటిపండును ఆకలికి తినండి. తిండికీ మనసుకూ సంబంధమే లేదని కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో ప్రచురించిన ‘స్మైల్స్’ ట్రయల్లో డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేసి 12 వారాలు చూశారు. కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు పెంచుకునేలా డైటీషియన్ సలహా పొందిన జట్టులో దాదాపు మూడోవంతు మంది కోలుకున్నారు, కేవలం మాట్లాడే తోడు దొరికిన జట్టులో 8 శాతం. చిన్న ట్రయల్, పైగా వాళ్లలో చాలామంది మందులో కౌన్సెలింగో కొనసాగిస్తూనే ఉన్నారు. అక్కడ మారింది మొత్తం భోజనం, ఒక పండో ఒక పొడో కాదు.

అశ్వగంధ ఒత్తిడిని కొంత తగ్గించినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. అయితే కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి, థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, నిద్రమాత్రలతో కలిస్తే మగత ఎక్కువవుతుంది. గర్భిణులు, థైరాయిడ్ ఎక్కువున్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. మీకైతే ఇప్పుడే వద్దు. టీలు, భోజనం వేళలు మారుస్తూ పొడి కూడా మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

పరీక్షలు చేయించుకోండి. సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీపీ. టెన్షన్ అని ఏళ్ల తరబడి మోసిన దడ, ఆయాసం చివరకు రక్తహీనతో, థైరాయిడో అని తేలిన వాళ్లు చాలామంది కనబడతారు, ముఖ్యంగా ఆడవాళ్లలో. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. గ్యాస్ మాత్రలు సొంతంగా నెలల తరబడి వేసుకుంటుంటే బీ12 తగ్గే అవకాశం ఉంది, శాకాహారులకు ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పైన చెప్పిన పండ్లు, పప్పులు, చెనిక్కాయల కొలతలు పాటించకుండా తమ డాక్టరు చెప్పిన లెక్కే చూడాలి. మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవాళ్లు ఉప్పునూ కాఫీనీ హఠాత్తుగా తగ్గించకూడదు, రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది.

ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట, ఊపిరాడకపోవడం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, వెంటనే ఈసీజీ తీయించండి. 34 ఏళ్లకు గుండెపోటు రాదనుకోవద్దు.

రెండు వారాలు దాటి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది భోజనం వేళలతో తీరేది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నేరుగా చూపించుకోవచ్చు.

మొదటి రెండు వారాలు మూడే మూడు సంగతులు రాసుకోండి: ఆఖరి టీ ఎన్నింటికి, సాయంత్రం ఐదుకు ఏం తిన్నారు, నిద్ర ఎన్నింటికి పట్టింది. కేలరీలు లెక్కపెట్టొద్దు, బరువు రోజూ చూసుకోవద్దు. ఆ కాగితం, బీపీ, రక్తపరీక్ష రిపోర్టులు ఇక్కడ పెడితే రాత్రి భోజనం కొలతలు మీ డ్యూటీ టైమును బట్టి సరిచేసి చెప్తాను.